పిల్లలకు వేరుశెనగ పడదని ఎప్పుడు తేల్చాలి?

విశాఖపట్నంలో ల్యాబుల ప్యాకేజీల్లో ఇప్పుడు ఫుడ్ అలర్జీ ప్యానెల్ కూడా చేరింది. పిల్లాడికి రెండు మూడుసార్లు ఒళ్ళంతా దద్దుర్లు లేస్తే చాలు, డాక్టరు రాయకముందే రక్తం ఇప్పించేసే ఇళ్ళున్నాయి. తర్వాత చేతికొచ్చే కాగితంలో పాలు, గుడ్డు, గోధుమ, రొయ్య, వంకాయ, వేరుశెనగ అంటూ వరుసగా పేర్లు, పక్కన అంకెలు, కొన్నిటి ఎదుట ముద్దక్షరాల్లో ‘పాజిటివ్’ అని ఉంటుంది. ఆ పూట నుంచే ఇడ్లీలోకి వేరుశెనగ పచ్చడి ఆగిపోతుంది. బడిలో మధ్యాహ్న భోజనంతో ఇచ్చే చిక్కీ పక్కపిల్లాడికి వెళ్తుంది. బీచ్‌కి తీసుకెళ్ళినా మురీ మిక్చర్ బండి దగ్గరికి పోనివ్వరు. భయం ఇంకొంచెం పెరిగితే పప్పులన్నీ మాన్పించేస్తారు. ఇంత జరిగినా, అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న చాలాసార్లు అడగకుండానే మిగిలిపోతుంది: ఆ పిల్లాడు వేరుశెనగ తిన్నప్పుడు ఏమైంది?

వేరుశెనగ అలర్జీని తేల్చేది ఈ ప్రశ్నకు దొరికే జవాబే. పరీక్షలు ఆ జవాబుకు బలం ఇస్తాయి, లేదంటే దాని మీద అనుమానం రేపుతాయి. జవాబు లేకుండా చేయించిన పరీక్ష మాత్రం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

వేరుశెనగ గింజ బరువులో దాదాపు నాలుగోవంతు ప్రోటీనే. ఆ ప్రోటీన్లలో కొన్నిటిని కొందరు పిల్లల రోగనిరోధక వ్యవస్థ హాని చేసే పదార్థంగా పొరబడి, వాటిని పట్టుకోవడానికి ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేస్తుంది. ఇవి చర్మంలోనూ పేగుల్లోనూ ఊపిరితిత్తుల్లోనూ ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుని ఉంటాయి. మళ్ళీ వేరుశెనగ లోపలికి వెళ్ళినప్పుడు ఆ కణాలు తమలోని హిస్టమిన్‌నీ మరికొన్ని రసాయనాలనీ ఒక్కసారిగా వదులుతాయి. దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు, పిల్లికూతలు, ఒక్కోసారి రక్తపోటు పడిపోవడం, అన్నీ దాని ఫలితాలే. అయితే ఒంట్లో ఐజీఈ ఉన్న ప్రతి పిల్లాడికీ ఇలా జరగదు. ఐజీఈ ఉండి కూడా గుప్పెళ్ళకొద్దీ గింజలు తిని హాయిగా ఆడుకునే పిల్లలు చాలామంది. ఇలా ఒంట్లో ఐజీఈ ఉండటాన్ని వైద్యులు సెన్సిటైజేషన్ అంటారు. అలర్జీ ప్యానెల్ కొలిచేది దీన్నే. తింటే ఏమవుతుందో చెప్పడం దాని వల్ల కాదు.

సెన్సిటైజేషన్‌కీ నిజమైన అలర్జీకీ మధ్య దూరం ఎంతో లెక్కలు చూస్తే తెలుస్తుంది. బ్రిటన్‌లోని మాంచెస్టర్‌లో ఎనిమిదేళ్ళ పిల్లల మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో పరీక్షల్లో వేరుశెనగకు పాజిటివ్ వచ్చినవారు దాదాపు 12 శాతం. నిజంగా తినిపించి చూస్తూ లెక్కగడితే, వాళ్ళలో అలర్జీ ఉన్నది సుమారు 22 శాతానికే. అంటే పాజిటివ్ వచ్చిన ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురు నిశ్చింతగా తినగలవాళ్ళే. మన దగ్గర ఈ దూరం ఇంకా ఎక్కువ. కర్ణాటకలో పెద్దవాళ్ళ మీద చేసిన సర్వేలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ ఉన్నవారు 26.5 శాతం. లక్షణాలూ పరీక్షా రెండూ కలిసొచ్చి ఆహార అలర్జీ ఉందనుకోదగ్గవాళ్ళు 1.2 శాతం. బడి వయసు పిల్లలను హాంకాంగ్, చైనా, రష్యా, భారత్‌లలో పోల్చి చూసిన మరో అధ్యయనంలో మన దేశపు పిల్లల్లో అలాంటివాళ్ళు 0.14 శాతమే.

ఇంత తక్కువమందికి ఉన్న జబ్బును, ఇంత ఎక్కువమందికి పాజిటివ్ వచ్చే పరీక్షతో, లక్షణాలతో పని లేకుండా వెతికితే ఏమవుతుంది? ఒక ఊహాలెక్క వేసుకుందాం. వెయ్యిమంది పిల్లల్లో పదిమందికి నిజమైన వేరుశెనగ అలర్జీ ఉందనుకుందాం. పరీక్ష ఆ పదిమందినీ పట్టేసింది. మిగతా 990 మందిలో పదోవంతుకు ఊరికే పాజిటివ్ చూపించింది. మొత్తం పాజిటివ్‌లు 109. అందులో నిజమైనవి పది. మిగిలిన 99 ఇళ్ళలో అనవసరంగా డబ్బాలు వేరవుతాయి, బయట తినాలంటే బెంగ మొదలవుతుంది. ఇందులో పరీక్ష తప్పేమీ లేదు. ఎవరికి చేయాలో ఎంచుకోకుండా చేయడమే తప్పు.

ఊరికే పాజిటివ్ రావడానికి మన వాతావరణంలో కారణాలకు కొదవ లేదు. విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్ళో పరుపుల్లో, దిళ్ళలో దుమ్ముపురుగులు బాగా పెరుగుతాయి. వాటి వల్ల ముక్కు కారే పిల్లల్లో మొత్తం ఐజీఈ ఎక్కువగా ఉంటుంది. కడుపులో నులిపురుగులున్నా పెరుగుతుంది. మొత్తం ఎక్కువగా ఉన్నప్పుడు విడివిడిగా చాలా ఆహారాలకు కొద్దికొద్దిగా పాజిటివ్ రావడం మామూలే. పుప్పొడిలోనూ కీటకాల విషంలోనూ ఉండే కొన్ని చక్కెర గొలుసులు వేరుశెనగ ప్రోటీన్ల మీద కూడా ఉంటాయి. వాటిని పట్టుకునే ఐజీఈ రిపోర్టులో అంకెను పెంచుతుందే తప్ప ఒంటి మీద సాధారణంగా ఏ ప్రభావమూ చూపదు.

అందుకే మొదటి పని పిల్లాడి వెనకటి సంగతులు రాబట్టడం. పిల్లల డాక్టరు దగ్గర పది నిమిషాలు ఓపిగ్గా కూర్చుని చెప్పుకునే ఈ సమాచారం ముందు ఖరీదైన ప్యానెల్ దిగదుడుపే.

ఏం తిన్నాడు అనేదే తేలిగ్గా తేలని విషయం. ఆర్కే బీచ్‌లో ఒక పొట్లం మురీ మిక్చర్ తీసుకుంటే అందులో మరమరాలు, వేరుశెనగ, ఉల్లిపాయ, టమాటా, కారం, నిమ్మరసం అన్నీ ఉంటాయి. ఒక్కో బండి దగ్గర శనగలో బఠాణీలో కూడా కలుస్తాయి. తిన్న పిల్లాడి మూతి చుట్టూ ఎర్రబడితే అది కారం, నిమ్మ పులుపు తగిలి మండినది కావచ్చు. అలాంటి ఎరుపు తగిలినచోటే ఉంటుంది, కాసేపట్లో పోతుంది. అదే పొట్ట మీద, వీపు మీద, తొడల మీద దద్దుర్లు లేచాయంటే వ్యవహారం వేరు. టిఫిన్ సెంటర్‌లో పచ్చడి తిన్నాక వచ్చిందంటే ఆ పచ్చడిలో వేరుశెనగ ఒక్కటే ఉందా, పుట్నాలపప్పు, కొబ్బరి, నువ్వులు కూడా ఉన్నాయా అని అడగాలి. నువ్వులు కూడా తీవ్రమైన అలర్జీ కలిగించే దినుసే.

ఎలా వండారన్నదీ ముఖ్యమే. బాగా వేయించిన గింజల్లో అలర్జీ కలిగించే ప్రోటీన్లు ఐజీఈకి మరింత గట్టిగా అతుక్కునేలా మారతాయి. ఉడికిస్తే కొన్ని ప్రోటీన్లు నీళ్ళలోకి దిగిపోతాయి, ఆ మేరకు గింజ తీవ్రత తగ్గుతుంది. సాయంత్రం పూట ఉప్పేసి ఉడకబెట్టిన కాయలు తిని ఏమీ కాని పిల్లాడికి, వేయించిన గింజలతో చేసిన చిక్కీ తింటే ఇబ్బంది రావచ్చు. కాబట్టి ‘మొన్న ఉడికించినవి తిన్నాడు కదా’ అన్న ఒక్క మాటతో అనుమానం కొట్టిపారేయకూడదు.

తిన్న ఎంతసేపటికి వచ్చింది? ఐజీఈ వల్ల వచ్చే అలర్జీ చాలావరకు నిమిషాల్లోనే మొదలవుతుంది, మహా అయితే రెండు గంటలు. రాత్రి తింటే మర్నాడు మధ్యాహ్నం లేచిన దద్దుర్లకు వేరుశెనగను తప్పుపట్టడం కష్టం. ఎన్నాళ్ళున్నాయో కూడా చూడాలి. ఆహారం వల్ల వచ్చిన దద్దుర్లు సాధారణంగా కొన్ని గంటల్లోనే సద్దుమణుగుతాయి. వారం పది రోజులు వస్తూ పోతూ, జలుబో జ్వరమో కూడా ఉంటే అవి వైరస్ వల్ల వచ్చినవే అయ్యే అవకాశం ఎక్కువ. పిల్లల్లో దద్దుర్లకు ఇన్ఫెక్షన్లు చాలా మామూలు కారణం. ఆ జ్వరం రోజుల్లోనే ఎప్పుడో చిక్కీ తిన్న సంగతి గుర్తొచ్చి నింద దాని మీద పడుతుంది.

పసిపిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. ఏడాదిన్నర, రెండేళ్ళ పిల్లాడు వేరుశెనగ గింజ నోట్లో వేసుకుని ఆడుతూ నవ్వుతూ ఉండగా పొలమారి, ఆ వెంటనే దగ్గు, ఆయాసం, పిల్లికూత మొదలైతే అది అలర్జీ కాకపోవచ్చు. గింజ శ్వాసనాళంలో ఇరుక్కుని ఉండవచ్చు. దద్దుర్లు, వాపు, వాంతులు లేకుండా ఊపిరి ఇబ్బంది మాత్రమే ఉంటే, అందులోనూ కూత ఒకవైపు ఛాతీలోనే వినబడితే, అలర్జీ పరీక్షలతో పొద్దుపుచ్చకుండా బ్రాంకోస్కోపీ (సన్నని గొట్టంతో శ్వాసనాళంలోకి చూడటం) చేయగల ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళాలి. ఇరుక్కున్న గింజను ఆస్తమా అనుకుని రోజుల తరబడి నెబ్యులైజర్ పెడుతూ పోతే ఊపిరితిత్తి పాడవుతుంది. నాలుగైదేళ్ళ లోపు పిల్లలకు గింజలను గింజలుగా ఇవ్వొద్దనేది ఇందుకే. పొడిగానో పచ్చడిగానో ఇవ్వడానికి ఈ అభ్యంతరం లేదు.

మొత్తం సంభాషణలో అన్నిటికన్నా పదునైన ప్రశ్న చివర్లో వస్తుంది: ఆ తర్వాత మళ్ళీ తిన్నాడా? అనుమానం వచ్చిన రోజు తర్వాత వేయించిన వేరుశెనగను సరిపడా తిని, ఏమీ కాకుండా ఉన్న పిల్లాడికి వేరుశెనగ అలర్జీ లేదనే చెప్పాలి. ఇక పరీక్ష అక్కర్లేదు. దీనికి జవాబు తల్లిదండ్రుల కన్నా అమ్మమ్మకో నాయనమ్మకో బాగా తెలిసుండవచ్చు. ఇల్లు చూసుకునేవాళ్ళను కూడా వెంట తీసుకెళ్ళడం, దద్దుర్లు లేచినప్పుడు ఫోన్‌లో ఫోటో తీసి సమయం రాసిపెట్టుకోవడం డాక్టరుకు ఎంతో పనికొస్తాయి.

ఇదంతా విన్నాక అనుమానం నిలబడితే అప్పుడు పరీక్ష. చర్మం మీద చేసే ప్రిక్ టెస్ట్ చూడటానికి చిన్నదే గానీ చేయడంలో మెళకువలున్నాయి. ముంజేతి లోపలివైపు పెన్నుతో గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు దగ్గర ఒక్కో చుక్క వేస్తారు. ఒకటి వేరుశెనగ సారం, ఒకటి ఉప్పునీరు, ఒకటి హిస్టమిన్. సన్నని మొనతో చుక్క మీదుగా చర్మం పైపొరను మాత్రమే తాకిస్తారు. రక్తం రాకూడదు. పదిహేను, ఇరవై నిమిషాలు పిల్లాడు గోక్కోకుండా చూడాలి. ఆ తర్వాత లేచిన దద్దును స్కేలుతో కొలుస్తారు. హిస్టమిన్ దగ్గర దద్దు లేవాలి. అక్కడే లేవకపోతే పరీక్ష చెల్లదు. ఉప్పునీటి దగ్గర లేవకూడదు. దానికన్నా వేరుశెనగ దగ్గర దద్దు కనీసం 3 మిల్లీమీటర్లు పెద్దదైతే పాజిటివ్. పుస్తకాల్లో ఫోటోలన్నీ తెల్లని చర్మం మీద ఎర్రగా కనబడతాయి. మన పిల్లల చామనఛాయ చర్మం మీద ఆ ఎరుపు సరిగా తెలియదు. అందుకే వెలుతురు పక్క నుంచి పడేలా చేయి తిప్పి, వేలికొసతో తడిమి, ఉబ్బు అంచు ఎక్కడుందో చూసి కొలవాలి. కంటికి ఎరుపు కనబడలేదని నెగెటివ్ రాసేస్తే పెద్ద పొరపాటు.

మందుల సంగతి ముందే చెప్పాలి. సిట్రిజిన్, లెవోసిట్రిజిన్ లాంటివి వాడుతుంటే దద్దు లేవదు. పరీక్షకు దాదాపు వారం ముందు నుంచి ఆపాలి. అవి ఆపిన ఇళ్ళల్లో కూడా జలుబు సిరప్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. చాలా జలుబు మందుల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ కూడా అదే కోవలోది. సీసా వెనక అక్షరాలు చదవకుండా పరీక్షకు వెళ్తే చేయి గుచ్చడమే మిగులుతుంది. రక్తపరీక్షకు ఈ ఇబ్బంది లేదు.

అంకెల అర్థం ఏమిటంటే, అవి ఎంత పెద్దవైతే అలర్జీ నిజమయ్యే అవకాశం అంత ఎక్కువ. దద్దు 8 మిల్లీమీటర్లు దాటినా, రక్తంలో వేరుశెనగ ఐజీఈ లీటరుకు 15 కిలోయూనిట్లు దాటినా అలర్జీ దాదాపు ఖాయమని అమెరికా, ఆస్ట్రేలియా క్లినిక్‌ల అనుభవం. అయితే అవన్నీ అలర్జీ అనుమానంతో నిపుణుల దగ్గరికి వచ్చిన పిల్లల మీద కట్టిన హద్దులు. ఏ లక్షణమూ లేకుండా ప్యాకేజీలో పరీక్ష చేయించుకున్న మన పిల్లలకు అవే హద్దులు అచ్చంగా అతకవు. రక్తపరీక్షలో 0.35 దాటితే ల్యాబు పాజిటివ్ అని అచ్చువేస్తుంది. 0.35కీ 15కీ మధ్య ఉన్న పెద్ద మైదానంలోనే మన రిపోర్టులు చాలావరకు ఉంటాయి. అక్కడ అంకె ఒక్కటే ఏమీ తేల్చదు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి: అంకె పెద్దదైతే అలర్జీ ఉండే అవకాశం పెరుగుతుందే తప్ప, అది ఎంత తీవ్రంగా వస్తుందో అంకె చెప్పదు. చిన్న అంకెతో ప్రాణాపాయం వచ్చినవాళ్ళూ ఉన్నారు, పెద్ద అంకెతో నాలుగు దద్దుర్లతో సరిపోయినవాళ్ళూ ఉన్నారు.

ఆ మధ్య మైదానంలో దారి చూపేది కాంపొనెంట్ పరీక్ష. వేరుశెనగ మొత్తానికి కాకుండా అందులోని ఒక్కో ప్రోటీన్‌కు విడిగా ఐజీఈ కొలుస్తారు. ఆరా హెచ్ 2 అనే ప్రోటీన్ వేడికి గానీ జీర్ణరసాలకు గానీ తేలిగ్గా లొంగదు. దానికి ఐజీఈ ఉంటే నిజమైన అలర్జీకి అదే బలమైన సూచన. ఆరా హెచ్ 8 అలా కాదు. చల్లని దేశాల్లో పెరిగే బర్చ్ చెట్టు పుప్పొడికి దగ్గరి పోలిక ఉన్న ఈ ప్రోటీన్ ఒక్కదానికే పాజిటివ్ వస్తే నోట్లో దురదతోనే సరిపోతుంది, చాలామందికి అదీ ఉండదు. మామూలు రిపోర్టు అయోమయంగా ఉన్నప్పుడు ఆరా హెచ్ 2 అడిగి చేయించడం, ఇంకో యాభై ఆహారాల ప్యానెల్ చేయించడం కన్నా వెయ్యి రెట్లు నయం.

ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీని కొలిచే పరీక్షల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వందా రెండొందల ఆహారాలకు ‘ఇన్‌టాలరెన్స్’ చెబుతామంటూ అమ్మే ఈ ప్యానెళ్ళు అలర్జీ నిర్ధారణకు పనికిరావని యూరప్, అమెరికా, కెనడా అలర్జీ వైద్యుల సంఘాలు ఎప్పుడో తేల్చాయి. పిల్లాడు ఏది ఎక్కువగా తింటాడో దానికే ఐజీజీ ఎక్కువగా ఉంటుంది. ఆ రిపోర్టు చూసి రోజూ తినేవన్నీ మాన్పించడం పిల్లాణ్ణి పస్తు పెట్టడమే.

మాన్పించడం వల్ల జరిగే నష్టం కూడా తక్కువేమీ కాదు. వేరుశెనగ పప్పుజాతి మొక్క. కంది, పెసర, మినుము, శనగ దాని చుట్టాలే. పరీక్షలో ఈ చుట్టరికం బాగా కనబడుతుంది, వేరుశెనగ పడని పిల్లల్లో చాలామందికి వీటికీ పాజిటివ్ వస్తుంది. తిన్నప్పుడు నిజంగా ఇబ్బంది పడేది మాత్రం కొద్దిమందే. శనగల వల్ల అలర్జీ మన దేశంలో లేకపోలేదు గానీ, దాన్నీ విడిగా తేల్చాలి తప్ప వేరుశెనగ రిపోర్టును బట్టి ఊహించకూడదు. శాకాహారం ఇంట్లో పెరిగే పిల్లాడికి పప్పన్నం, ఇడ్లీ, దోసె, పెసరట్టు అన్నీ ఒక్క కాగితంతో ఆపేస్తే ఆ పిల్లాడికి ప్రోటీన్ ఎక్కడి నుంచి వస్తుంది? జీడిపప్పు సంగతి వేరు. అది వేరే కుటుంబపు చెట్టు. అయినా వేరుశెనగ అలర్జీ ఉన్న పిల్లల్లో కొందరికి జీడిపప్పు కూడా పడదు, కాబట్టి ఇంతవరకు తినకపోతే అడిగి చూపించుకోవడం మంచిది. ఇప్పటికే తింటూ బాగున్నవాడికి మాన్పించాల్సిన పని లేదు.

ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. అనవసరంగా దూరం పెట్టడమే అలర్జీని తెచ్చిపెట్టవచ్చు. 2000లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ, అలర్జీ ముప్పున్న పిల్లలకు మూడేళ్ళ వరకు వేరుశెనగ పెట్టొద్దని చెప్పింది. ఎనిమిదేళ్ళకు ఆ సలహాను వెనక్కి తీసుకుంది. ఇజ్రాయెల్‌లో పిల్లలు పాకే వయసు నుంచే వేరుశెనగతో చేసిన బాంబా అనే చిరుతిండి తింటారు. అక్కడి పిల్లల్లో అలర్జీ 0.17 శాతం, లండన్‌లో పెరుగుతున్న యూదు పిల్లల్లో 1.85 శాతం అని 2008లో అలర్జీ వైద్యుడు గిడియన్ లాక్ బృందం చూపించింది. అదే బృందం చేసిన లీప్ అధ్యయనం 2015లో వచ్చింది. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు) లేదా గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది పసివాళ్ళలో సగంమందికి నాలుగో నెల నుంచి పదకొండో నెల మధ్య వేరుశెనగ పెట్టడం మొదలుపెట్టారు, మిగతా సగానికి పూర్తిగా మాన్పించారు. అయిదేళ్ళు వచ్చేసరికి మానేసినవాళ్ళలో అలర్జీ 17.2 శాతం, తిన్నవాళ్ళలో 3.2 శాతం.

రిపోర్టుల విషయంలో ఆ అధ్యయనంలో గమనించాల్సింది ఇంకా ఉంది. మొదట్లోనే చర్మపరీక్షలో 1 నుంచి 4 మిల్లీమీటర్ల దద్దు లేచిన పసివాళ్ళను వేరుగా లెక్కించారు. వాళ్ళలో మానేసినవాళ్ళకు 35.3 శాతం అలర్జీ వచ్చింది, తిన్నవాళ్ళకు 10.6 శాతం. కొద్దిపాటి పాజిటివ్ చూసి భయపడి వేరుశెనగకు దూరంగా పెంచే పసివాళ్ళు దాదాపు ఈ కోవలోవాళ్ళే. తినాల్సిన పిల్లలకే మనం మాన్పిస్తున్నామన్నమాట. తీవ్రమైన ఎగ్జిమా, గుడ్డు అలర్జీ ఉన్న పసివాళ్ళకు మాత్రం ముందు పరీక్ష చేయించి, ఇంట్లో మొదలుపెట్టాలా డాక్టరు ఎదుట మొదలుపెట్టాలా అన్నది నిర్ణయించాలని 2017 అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. మిగతా పిల్లలకు అన్నప్రాశన అయ్యాక ఇడ్లీ ముక్కకు కాస్త పల్చటి వేరుశెనగ పచ్చడి అద్ది పెట్టడానికి ఏ పరీక్షా అక్కర్లేదు.

వెనకటి సంగతులు, చర్మపరీక్ష, రక్తపరీక్ష మూడూ కలిపినా తేలనప్పుడు చివరి మాట తినిపించి చూడటానిదే. దీన్ని ఓరల్ ఫుడ్ చాలెంజ్ అంటారు. ఆసుపత్రిలో, ప్రాణాపాయం వస్తే ఇచ్చే అడ్రినలిన్ సూది సిద్ధంగా పెట్టుకుని, నేర్చినవాళ్ళ కళ్ళెదుట చేసే పని ఇది. మొదటి మోతాదు 3 మిల్లీగ్రాముల ప్రోటీన్, అంటే గింజలో నూరోవంతు దాకా. ఇరవై, ముప్పై నిమిషాలు చూసి పది, ముప్పై, వంద, మూడు వందలు అంటూ పెంచుకుంటూ వెళ్తారు. పొడిని పాయసంలోనో అరటిపండు గుజ్జులోనో కలిపి పెడతారు. చివరి మోతాదు తర్వాత మరో రెండు గంటలు ఉంచుతారు. పూట గడిచిపోతుంది. దద్దుర్లో వాంతులో కనబడితే ఆపేస్తారు, జబ్బు నిర్ధారణ అయినట్టే. ఏమీ కాకపోతే ఆ సాయంత్రం నుంచే పిల్లాడు అందరితో పాటు తినొచ్చు. ఇంట్లో ‘ఒక గింజ పెట్టి చూద్దాం’ అనుకోవడం మాత్రం పనికిరాదు. గొంతు వాచడం మొదలైతే ఇంట్లో చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇంతవరకు చెప్పింది లేని జబ్బును అంటగట్టడం గురించి. ఉన్న జబ్బును తేలిగ్గా తీసుకోవడం అంతకన్నా ప్రమాదం. మన దగ్గర అరుదు అన్నంత మాత్రాన ఎదురుగా ఉన్న పిల్లాడికి లేదని కాదు. చిక్కీ కొరికిన అయిదు నిమిషాలకు పెదాలు వాచి, దద్దుర్లు లేచి, వాంతి చేసుకుని, గొంతు బొంగురుపోయి, పిల్లికూత వచ్చిందంటే పరీక్ష కోసం ఆగక్కర్లేదు. అది అనాఫిలాక్సిస్, అంటే ఒళ్ళంతా ఒక్కసారిగా కమ్ముకునే ప్రాణాంతకమైన అలర్జీ. పసిపిల్లల్లో పాలిపోయి, మగతగా ఒరిగిపోవడం కూడా అదే కావచ్చు. అప్పుడు పని చేసేది తొడ బయటివైపు కండలోకి ఇచ్చే అడ్రినలిన్ ఒక్కటే, కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున. ఏవిల్, సిట్రిజిన్ దురద తగ్గిస్తాయి గానీ ఊపిరిని కాపాడవు. పిల్లాణ్ణి లేపి నడిపించకుండా పడుకోబెట్టి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టి, 108కి ఫోన్ చేసి కేజీహెచ్‌కో దగ్గర్లో ఏ అత్యవసర విభాగానికో చేర్చాలి. ఆ గండం గడిచాక కొన్ని వారాలకు చర్మపరీక్ష, రక్తపరీక్ష చేయించి నిర్ధారించుకోవాలి. అప్పటిదాకా వేరుశెనగ పూర్తిగా మానాలి.

విదేశాల్లో పిల్లల బ్యాగుల్లో ఉండే అడ్రినలిన్ పెన్నులు మన మందుల షాపుల్లో తేలిగ్గా దొరకవు. ఆంప్యూల్, సిరంజి ఇంట్లో పెట్టుకుని ఎలా ఎక్కించాలో డాక్టరు దగ్గర నేర్చుకోవడమే ఉన్న దారి. నేర్పమని అడగడానికి మొహమాటపడకూడదు.

నిర్ధారణ అయిన పిల్లాడి కాగితం మీద ‘పీనట్ అలర్జీ’ అని రెండు ముక్కలు రాసి పంపేస్తే చాలదు. ఏ రూపంలో, ఎంత తింటే, ఎంతసేపటికి ఏం వచ్చింది, దద్దు ఎన్ని మిల్లీమీటర్లు, ఆరా హెచ్ 2 ఎంత, ఏవి తినొచ్చు, ఏవి తినకూడదు అన్నవి ఉండాలి. ఆ కాగితం నకలు బడిలో హెడ్మాస్టరు దగ్గరా, వంట చేసేవాళ్ళ దగ్గరా ఉండాలి. ప్రభుత్వ బడుల్లో చిక్కీ పిల్లలకు పోషణ, దాన్ని ఒక పిల్లాడి కోసం అందరికీ ఆపాల్సిన పని లేదు. ఆ పిల్లాడికి బదులుగా ఇంకోటి ఇవ్వడం, చేతులు కడిగించడం, ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో తెలిసి ఉండటం అవసరం. ప్యాకెట్ల మీద వేరుశెనగ ఉంటే రాయాలని ఆహార భద్రత సంస్థ నిబంధన ఉంది. బండి మీద పొట్లానికి ఆ రాత ఉండదు, కాబట్టి అక్కడ అడిగి తెలుసుకోవాలి.

నూనె గురించి కూడా ఆ కాగితంలో రాయించుకోవాలి. శుద్ధి చేసిన వేరుశెనగ నూనెలో ప్రోటీన్ దాదాపు మిగలదు. బ్రిటన్‌లో 60 మంది వేరుశెనగ అలర్జీ ఉన్నవారికి ఇచ్చి చూస్తే రిఫైన్డ్ నూనెతో ఒక్కరికీ ఏమీ కాలేదు, శుద్ధి చేయని నూనెతో ఆరుగురికి వచ్చింది. ఇప్పుడు ఆరోగ్యానికి మంచిదని కొంటున్న గానుగ నూనె రెండో రకం. ఇంట్లో ఒకటి వాడుతూ, చుట్టాలింటికి వెళ్ళినప్పుడు ఇంకోటి తగిలి, ‘ఏం తినకుండానే వచ్చింది’ అనుకునే అవకాశం ఉంది.

ఒకసారి రాసిన ఈ జబ్బు పేరు జీవితాంతం ఉండాల్సిన పని కూడా లేదు. వేరుశెనగ అలర్జీ ఉన్న పిల్లల్లో దాదాపు అయిదోవంతు మంది పెరిగేకొద్దీ దాని నుంచి బయటపడతారు. రెండేళ్ళప్పుడు తేల్చిన విషయాన్ని పదేళ్ళప్పుడు అలాగే నమ్మకుండా, మధ్యమధ్యలో పరీక్షలు మళ్ళీ చేయించి, అంకెలు తగ్గుతుంటే చాలెంజ్ చేయించాలి. అందులో గెలిచిన పిల్లాడు ఆ తర్వాత భయంతోనో ఇష్టం లేకో వేరుశెనగ ముట్టకుండా ఉంటే అలర్జీ మళ్ళీ తిరగబెట్టిన సందర్భాలు నమోదయ్యాయి. పోయింది కదా అని ఊరుకోకుండా, నెలకొకసారైనా పచ్చడి రూపంలోనో వేరుశెనగ ఉండల రూపంలోనో సరిపడా తింటూనే ఉండమని డాక్టర్లు చెప్పేది అందుకే.